చెవిలో దాగలి

ఫిబ్రవరి 3

ఒరేయ్ బుడ్డోడా,

నలభై ఏడేళ్ల మనిషిని పట్టుకుని ఇలా పిలిస్తే మీ బస్సు డిపోలో నవ్వుతారేమో. ఈ ఉత్తరం ఎవరి చేతికీ చిక్కనివ్వకు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఆఁ, సరే, సరే అక్కా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. లైబ్రరీ బైండింగు గదిలో కూర్చుని, కొత్తగా కట్టిన అట్టలు ఆరేలోపు రాస్తున్నాను. జిగురు మరకలు కనబడితే పట్టించుకోకు.

అడగాల్సింది ఒక్కటే. నా కూతురి పెళ్లిలో మీ బావ నీ పక్కన కూర్చుని, చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితుడు పోయిన సంగతి చెప్పుకున్నాడు. "ఈ పెళ్లి చూడకుండానే పోయాడు" అన్నాడట. నువ్వేమో ఆయన భుజం తట్టి, "చాలా సంతోషం బావా, అంతకంటే ఏం కావాలి" అన్నావట! ఆయన ఇన్నాళ్లూ మింగి ఊరుకున్నాడు. మొన్న నీ మాటెత్తితే, "మీ తమ్ముడికి ఎవరు పోయినా సంతోషమే" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెళ్లిలో రెండు రోజులూ నువ్వు ఎవరితోనూ కలవలేదు. మూల కుర్చీలో కూర్చుని అందరికీ తలూపావు. మేమేం తప్పు చేశాం? ఉంటే మొహం మీదే చెప్పు.

కోపం ఇంకా దిగని
మీ అక్క

ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరం చదివి అరగంట సేపు బస్సు కింద పడుకున్నాను. అక్కడ పనేమీ లేదు. బయటికి రావడానికి మొహం చెల్లలేదు, అంతే.

బావ చెప్పింది నాకు వినబడలేదు. నువ్వు ఫోన్లో చెప్పేవీ వినబడవు. చిన్నప్పుడు నా చెవి కారుతుండేది, గుర్తుందా? అది ఎప్పుడూ పూర్తిగా మానలేదు. రెండు చెవులూ అంతే, కుడిది మరీ అన్యాయం. పదేళ్లుగా మాటలు సగం సగం అందుతున్నాయి. ఈ మధ్య ఆ సగం కూడా లేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే అర్థమవుతుంది. లేదంటే ఎదుటివాళ్ల మొహం చూసి, నవ్వుతుంటే నవ్వుతాను, ఆగితే "సరే" అంటాను. ఆ రోజు మైకు హోరులో బావ పెదాలు నవ్వుతున్నట్టే అనిపించాయి. కూతురి పెళ్లి చేసిన తండ్రి కదా, సంతోషంగా ఉన్నాడనుకున్నాను. పెళ్లికూతురి తండ్రితో ఏం అంటాం, అదే అన్నాను.

మొన్నటిదాకా డిపోలో ఎవరికీ తెలియదు. ఎలా అంటావా? పొడుగాటి ఇనుప కడ్డీ ఇంజను మీద ఆనించి, రెండో కొస నా చెవి వెనక ఎముకకి ఆనిస్తాను. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు కొట్టుకుంటోందో ఇప్పటికీ చెప్పగలను. మొత్తం డిపోలో నాలా చెప్పేవాడు లేడు. ఇంజను వినేవాడికి మనిషి వినబడడని ఎవరనుకుంటారు?

ఇప్పుడు తెలిసిపోయింది. మూడు వారాల క్రితం ఒక డ్రైవరు బస్సు వెనక్కి తీస్తూ మూడుసార్లు హారన్ కొట్టాడట. నేను వంగి నట్టు వెతుక్కుంటున్నాను. పక్కన ఇంకో డ్రైవరు కాలరు పట్టి లాగకపోతే ఈ ఉత్తరం లేదు. లాగి, నా వీపు మీద ఒక్కటి చరిచి, నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు మాత్రం బాగానే వినబడ్డాయి! డిపో మేనేజరు నన్ను టైర్ల స్టోరుకి మార్చేశాడు. డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే మళ్లీ ఇంజన్ల దగ్గరికి రానిస్తాడట. ఇరవై నాలుగేళ్ల పని అక్కా. టైర్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

బావకి నా తరఫున కాళ్లు పట్టుకుని చెప్పు.

తెలియకుండా "సరే" అనడం మానేసిన
తమ్ముడు

ఫిబ్రవరి 20

బుడ్డోడా,

మీ బావకి ఉత్తరం ఇచ్చాను. "ఇంజను వినేవాడికి" అన్న చోటికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వాడు భుజం తట్టిన తట్టు మాత్రం నిజంగానే ఓదార్పులా ఉందోయ్, మాటే అడ్డం తిరిగింది" అన్నాడు. నీకు రెండు లైన్లు రాశాడు, కింద జత చేశాను.

ఇన్నేళ్లు చెప్పకుండా ఎలా ఉన్నావురా? నీ పెళ్లాం ఎలా ఊరుకుంది? ఆ పిల్ల గొంతు ఈ మధ్య కీచుగా ఉంటోందని నేను తప్పుపట్టాను. ఇప్పుడు అర్థమైంది. మరదలికి క్షమాపణ చెప్పానని చెప్పు, గట్టిగా కాదు, మామూలుగానే.

మంచి చెవి డాక్టరుకి చూపించుకో. చెవి ఇంకా కారుతోందా? ఎప్పటి నుంచి మొదలైందని అడుగుతారు. నీకేమైనా గుర్తుందా?

అక్క

మార్చి 18

అక్కా,

బావ రాసిన రెండు లైన్లు పర్సులో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. చేతులు మాత్రం నీ చేతుల్లాగే, తొందర తెలియనివి. సన్నటి గొట్టంతో చెవి శుభ్రం చేసి చాలాసేపు లోపలికి చూసింది. తర్వాత బళ్లో సైన్సు మాస్టారు చూపించే రెండు కాళ్ల శృతిదండం మోగించి చెవి ముందు పెట్టింది. ఏమీ లేదు. దాన్నే చెవి వెనక ఎముకకి ఆనించింది. గంట కొట్టినట్టు మోగింది! "ఇది నేను రోజూ చేసేదే కదండీ" అని నా కడ్డీ సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అంటే ఇన్నేళ్లుగా మీ పరీక్ష మీరే చేసుకుంటున్నారన్నమాట" అంది. ఈ మాటలన్నీ నీ మరదలు నా చెవిలో అరిచి చెప్పింది. వరండాలో ఉన్నవాళ్లందరికీ నా రోగం కంఠతా వచ్చేసి ఉంటుంది.

సంగతేంటంటే, చెవిలో పొర వెనక మూడు బుల్లి ఎముకలుంటాయట. వాటి పేర్లేంటో తెలుసా? సుత్తి, కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలి, గుర్రమెక్కేవాడు కాలు పెట్టే రికాబు. మా వర్క్‌షాపు నా చెవిలోనే ఉంది! పొర మీద పడ్డ చప్పుడుని సుత్తి దాగలికి, దాగలి రికాబుకి, రికాబు లోపలి చెవికి అందిస్తాయి. నా పొరకి చిల్లు. చర్మం పెరగకూడని చోట పెరిగి, ఉల్లిపొరల్లా ఉండకట్టి, దాగలిని తినేసింది. బస్సు భాషలో చెప్పాలంటే, పెడల్ తొక్కుతున్నాం, ఇంజను బంగారంలా ఉంది, మధ్యలో రాడ్డు లేదు. ఇక కబురు ఎలా అందుతుంది?

వదిలేస్తే అది మొహం నరానికో మెదడుకో పాకుతుందట. అందుకని ముందు రోగం తీసేసి పొర అతుకుతుంది. ఏడెనిమిది నెలలాగి మళ్లీ తెరిచి, రోగం తిరిగి రాలేదని చూసుకుని, పోయిన దాగలి బదులు టైటానియంతో చేసిన బుల్లి ముక్క నిలబెడుతుంది. "పూర్తిగా వినబడుతుందని మాటివ్వను. ఉన్నది కూడా పోయే ప్రమాదం కొద్దిగా ఉంది" అని ముందే చెప్పింది. అలా చెప్పినందుకే నాకు నమ్మకం కుదిరింది.

ఇంకో మాట. "చిన్నప్పుడు చెవి మీద గట్టి దెబ్బేమైనా తగిలిందా" అని అడిగింది. "మా అక్క చేతి దెబ్బ తిన్నానండీ, ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు" అన్నాను. ఆవిడ నిజంగానే ఫైల్లో రాసుకుంది! నీ ఘనత ఆసుపత్రి రికార్డులకెక్కింది, చూసుకో.

ఆపరేషన్ ఏప్రిల్ తొమ్మిదిన. నువ్వు రావాలి. నీ మరదలు ధైర్యంగానే కనబడుతోంది గానీ, నిన్న ఒకే చొక్కాని రెండుసార్లు ఉతికింది.

నీ దెబ్బలు తిని పెరిగిన
తమ్ముడు

ఏప్రిల్ 30

అక్కా,

నువ్వూ రాలేదు, ఉత్తరమూ రాలేదు. బావ మాత్రం నీ మరదలికి ఫోన్ చేసి అడిగాడట. అంటే ఆయనకి కోపం లేదు. మరి నీకెందుకు?

ఆపరేషన్ బాగా జరిగింది. చెవి పైన కండరం మీద ఉండే పల్చటి పొర కోసి తీసి, ఆరబెట్టి, అది కాగితంలా అయ్యాక చిల్లు మీద అతికించిందట. ఆ మాట విన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. చిరిగిన పేజీకి సన్న కాగితం అతికించి, చిరుగు ఎక్కడుందో చెప్పుకో చూద్దాం అని పందెం కట్టేదానివి కదా.

ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు, చెవిలో చుక్క నీరు పడకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. అలా తుమ్మితే ఇల్లు అదురుతోంది. లోపల నాలుక నరం ఒకటి కదిలిందట, కుడివైపు ఏం తిన్నా ఇనుము నాకినట్టుంది. ఆ మాటే అన్నాను. వంటకి వంక పెట్టాననుకుని నీ మరదలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదన్న సంగతి నాకు నాలుగో రోజు తెలిసింది!

ఆపరేషన్ రోజు వరండా చివర బెంచీ మీద వెనక నుంచి అచ్చం నీలాగే ఉన్న ఒకావిడని చూశానంటోంది తను. దగ్గరికెళ్లేసరికి లేదట. అంతగా నీ కోసం చూసింది.

నేనేం తప్పు రాశానో నువ్వే చెప్పు. నాకు ఇప్పుడు ఉన్నవి కళ్లే, ఉత్తరాలైనా అందనీ.

తమ్ముడు

మే 9

బుడ్డోడా,

ఆ బెంచీ మీద ఉన్నది నేనే.

పొద్దున్నే దిగాను. నిన్ను లోపలికి తీసుకెళ్లిన దగ్గర్నుంచి అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం నిన్ను గదికి తెచ్చారు. తలుపు సందులోంచి చూశాను. తల చుట్టూ కట్టు. నర్సు నిన్ను కళ్లు మూయమంది, పళ్లు చూపించమంది. నువ్వు ఇకిలించావు. మొహం రెండువైపులా సమంగా కదిలింది. నరం బాగానే ఉందని నర్సు మరదలితో అంటుంటే విన్నాను. ఇక చాలనుకుని లేచి వెళ్లిపోయాను. లోపలికి వచ్చే ముఖం నాకు లేదురా.

నువ్వు సరదాగా రాశావు. నాకు మాత్రం ఆ మాట గుండెలో దిగింది. నీకు ఆరేళ్లు, నాకు పదమూడు. నిన్ను నా మీద వదిలి అమ్మ పనికెళ్లింది. నువ్వు రోడ్డు పక్కన గోళీలాడుతున్నావు. లారీ వెనక్కి వస్తోంది. నేను గుమ్మంలోంచి నిన్ను పిలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు, గొంతు చించుకుని. నువ్వు తలెత్తలేదు. పరిగెత్తుకొచ్చి ఇవతలికి లాగాను. భయమంతా కోపమై, కుడి చెంప మీద నా బలమంతా పెట్టి కొట్టాను. నీ చెవి దాకా తగిలింది. మూడో రోజు నీ తలగడ మీద చీము మరక కనబడింది. అమ్మ "జలుబు దిగిందిలే" అంది. నేను కొట్టానని అమ్మకి చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి నీ చెవిలో పత్తి చూసినప్పుడల్లా నా చెయ్యి నాకే పరాయిదిలా అనిపించేది. నువ్వు పెద్దయ్యాక మర్చిపోయావనుకున్నాను. డాక్టరు అడగ్గానే చెప్పావంటే, నీకూ తెలుసన్నమాట. ఫైల్లో రాసుకోవడం కూడా న్యాయమే.

నీ చెవిని నేనే పాడుచేశాను. నన్ను క్షమించమని అడగను. ఆ ఆపరేషన్ చేసిన చేతులకి మాత్రం నా దండం చెప్పు.

అక్క

మే 17

అక్కా,

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. డాక్టరమ్మ ఏమంటుందో అని ఆగి, నిన్న చూపించుకునే రోజు దాకా జవాబు రాయలేదు. లేకపోతే ఆ రోజే రాసేవాణ్ని, ఎందుకంటే తప్పెక్కడుందో నీ ఉత్తరంలోనే ఉంది. నీకు కనబడలేదు, అంతే.

నువ్వు నన్ను మూడుసార్లు పిలిచావు. గొంతు చించుకుని పిలిచావు. నేను తలెత్తలేదు. ఎందుకెత్తలేదక్కా? నేనేం మొండివాణ్నా? నువ్వు పిలిస్తే అన్నం ముందు నుంచి కూడా లేచొచ్చేవాణ్ని. నాకు వినబడలేదు! నువ్వు కొట్టక ముందే నా చెవి పోయింది. వినబడకపోబట్టే కొట్టావు.

డిపోలో ఏం జరిగిందో చూడు. మూడుసార్లు హారన్ కొట్టారు, వినబడలేదు. ఒకడు కాలరు పట్టి లాగి, వీపు మీద చరిచాడు. నా చెవి ఆ డ్రైవరు పాడుచేశాడా? వాడు నా ప్రాణం కాపాడాడు. నలభై ఏళ్ల ముందు నువ్వు కాపాడినట్టే.

నీ ఉత్తరం డాక్టరమ్మకి ఇచ్చాను. నీ గుట్టు బయటపెట్టినందుకు తిట్టుకో. ఆవిడ నిదానంగా చదివి, కాగితం మీద రాసి చూపించింది. అది ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను: "చెంపదెబ్బకి పొర చిరిగినా చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది. ఇది ముక్కు నుంచి చెవికి వెళ్లే గొట్టం చిన్నప్పుడు సరిగా పనిచేయక వచ్చిన జబ్బు. పొర లోపలికి గుంజుకుపోయి సంచిలా మారింది. రెండో చెవికీ ఉంది, దాన్నెవరు కొట్టారు?" కింద గీత గీసి, "మీ అక్కగారు వచ్చేసారి బెంచీ మీద కాదు, లోపల కూర్చోవాలి" అని రాసింది. తర్వాత ఫైలు తీసి, నా కళ్ల ముందే అక్క చేతి దెబ్బ అని రాసుకున్న ఆ లైను కొట్టేసింది.

నేను సరదాగా అన్నదానికి నువ్వు రెండు నెలలు నలిగిపోయావు. సరదా కూడా చూసి చెయ్యాలని తెలిసింది. ఆ చెయ్యి నా ప్రాణం లాగిన చెయ్యి. నా దండం దానికి.

నీ బుడ్డోడు

డిసెంబర్ 4

బుడ్డోడా,

క్షేమంగా చేరాను. రెండో ఆపరేషన్‌కి నీ పక్కన వారం రోజులున్నందుకు మీ బావ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది. మే నెలలో వచ్చిన నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మడతల దగ్గర చిరిగితే నేనే అతికించాను.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. నువ్వింకా మత్తులో ఉన్నప్పుడు, నీ చెవిలో పెట్టిన టైటానియం ముక్కలాంటిదే ఇంకోటి నమూనాకి ఉంచుకున్నదట, డాక్టరమ్మ నా అరచేతిలో పెట్టి చూపించింది. బియ్యపు గింజలో సగం కూడా లేదు. బరువే తెలియలేదు. ఒక కొసన చిన్న పళ్లెం, రెండో కొసన రికాబు తలని పట్టుకునే బుల్లి గిన్నె. తుమ్మితే పోతుందని ఊపిరి బిగబట్టాను. ఆ లోహం నేరుగా పొరని ఆనుకుంటే కొన్నాళ్లకి పొరని కోసుకుని బయటికొచ్చేస్తుందట. అందుకని నీ చెవి డొప్పలోంచి మెత్తటి ఎముక పలక తీసి మధ్యలో పెట్టింది. "మేమూ అంతేనమ్మా, దారం కాగితాన్ని కోసెయ్యకుండా గుడ్డ పట్టీ వేస్తాం" అన్నాను. "అయితే మనది ఒకటే పని" అందావిడ. ఎంత పెద్ద మాట!

రోగం తిరిగి రాలేదని చెప్పినప్పుడు మరదలు నా చెయ్యి పట్టుకుంది. చెవిలో పెట్టిన మందు పట్టీ తీశాక వెంటనే ఏమీ తెలియకపోతే దిగులుపడకు. మెల్లమెల్లగా వస్తుందట. ఏం వినబడిందో రాయి.

అక్క

జనవరి 15

అక్కా,

పట్టీ తీసి నాలుగు వారాలైంది. మొదటి రోజు పీపాలో తల పెట్టినట్టుంది. తర్వాత ఒక్కొక్కటీ రావడం మొదలైంది. నా చెప్పుల చప్పుడు. పేజీ తిప్పితే కాగితం గరగర. నా చొక్కా చప్పుడు చేస్తుందని నాకు తెలియనే తెలియదు!

మొన్న వినికిడి పరీక్ష చేశారు. అన్నీ రాలేదు. గుంపులో ఇంకా తడబడతాను, ఎడమ చెవి సంగతి తర్వాత చూడాలి, ఏటా వెళ్లి చూపించుకుంటూ ఉండాలి. కానీ మామూలు గొంతుతో ఎదురుగా మాట్లాడితే మాట మాటగా వినబడుతోంది. సర్టిఫికెట్ ఇచ్చింది. సోమవారం నుంచి మళ్లీ ఇంజన్ల దగ్గరికి. నన్ను లాగిన డ్రైవరు నా వెనక చేరి గుసగుసగా తిట్టి పరీక్షించాడు. పాసయ్యాను.

డాక్టరమ్మకి ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. ఇంట్లో కూర్చుని నాలుగు వాక్యాలు అనుకుని వెళ్లాను, ఆవిడ ముందు ఒక్కటీ రాలేదు. దండం పెట్టి వచ్చేశాను. బయట నిలబడి ఉంటే ఆవిడే కారెక్కి స్టార్ట్ చేసింది. వెళ్లి అద్దం మీద తట్టాను. "అమ్మా, మీ బెల్టు అరిగింది. కీచుమంటోంది. ఈ వారంలో మార్పించకపోతే దారిలో తెగుతుంది" అన్నాను. ఆవిడ ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, తల వంచి విని, "నాకేమీ వినబడట్లేదే!" అంది. ఇద్దరం అక్కడే నిలబడి నవ్వుకున్నాం. మర్నాడు నేనే వెళ్లి మార్చి వచ్చాను.

ఇక అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం నేను కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాను. వెనకాల నీ మరదలు మంచం మీద బట్టలు మడతపెడుతోంది. మాటలు వినబడ్డాయి. ఎవరొచ్చారా అనుకున్నాను. ఎవరూ లేరు. తను నాతో మాట్లాడుతోంది. నా వీపుతో. మెల్లగా, అరవకుండా. పెళ్లయిన కొత్తలో ఆ గొంతు ఎలా ఉండేదో అలాగే ఉంది అక్కా, కీచు లేదు.

ఎదురింటావిడ అల్లుడికి ఉద్యోగం దొరికిందట. నా నీలం చొక్కా కాలరు తిప్పి కుట్టాలట. ఏ ముఖ్యమైన మాటా కాదు. ఆ ధోరణి చూస్తే ఇది ఒక రోజుది కాదని తెలిసిపోయింది. నాకు వినబడవని తెలిసి కూడా, అరిచి చెప్పలేని మాటలన్నీ ఇన్నేళ్లూ ఇలా నా వెనక నిలబడి చెప్పుకుంటూనే ఉంది. నేను కదల్లేదు. కదిలితే ఆపేస్తుందని భయం.

కాసేపయ్యాక, "రెండు నెలల్నించి మోకాలు పీకేస్తోందండీ. మొన్నటిదాకా మీకు చెప్పాలంటే అరవాల్సొచ్చేది. నొప్పిని అరిచి ఎలా చెప్పుకుంటాం" అంది.

"ఏ మోకాలు?" అన్నాను.

వెనక చప్పుడు ఆగిపోయింది. మడత మధ్యలో ఆగిన బట్ట చప్పుడు కూడా తెలిసింది నాకు. లేచి వచ్చి నా ముందు నిలబడింది. నా మొహంలోకి చూస్తూ, పెదాలు పెద్దగా కదపకుండా, కావాలనే మరీ చిన్న గొంతుతో, "కుడిది" అంది.

రేపు తనని డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాను. ఏం చెప్పారో నీకు రాయను, ఫోన్ చేస్తాను.

నీ తమ్ముడు